ఆంగ్లాభిమాని: ఒక మాట పుట్టుపూర్వోత్తరములు
(ఫీనిక్స్ బేలో జరిగిన మన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ సాయంకాలము నేను మాటాడవలసిన విషయమును నిర్ణయించినది మన కార్యదర్శిగారు కారు. తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక చిన్నారి. క్రిందటి ఉగాదికి పిల్లల వక్తృత్వపు పోటీలు జరుగుచుండగా, ఆమె ఒక నిఘంటువు చేతబట్టుకొని నాయొద్దకు వచ్చి, "తాతగారూ, ఆంగ్లోఫైల్ అన్న మాటకు తెలుగేమిటండీ?" అని అడిగెను. "ఆంగ్లాభిమాని అని వ్రాసుకో అమ్మా" అని తడుముకొనక చెప్పితిని. ఆమె వ్రాసికొనలేదు. కలము పట్టుకొని కొంచెముసేపు నిలుచుండి, "అభిమానమా? సెల్యులార్ జైలు కట్టినవాళ్ళ మీదనా?" అనెను.

నేను ముప్పదియైదేండ్లు కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో నోట్లు వ్రాసినవాడను. ఎట్టి చిక్కు ప్రశ్నకైనను "విషయము పరిశీలనలో నున్నది" అని వ్రాయుట నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆనాడును అదే చేసితిని. ఆ పరిశీలనము ఫలితమే యీ ప్రసంగము. ఆ అమ్మాయి ఇప్పుడు ముందువరుసలోనే కూర్చున్నది గనుక తప్పించుకొనుటకు నాకు వీలులేదు.

ముందు మాటను విప్పి చూతము. అందలి మొదటి ముక్క ఒక తెగ పేరు. క్రీస్తుశకము అయిదవ శతాబ్దమునుండి ఉత్తర జర్మనీ, డెన్మార్కు ప్రాంతములు విడిచి బ్రిటను దీవికి వలసపోయిన తెగలలో ఆంగ్లులొకరు. వారు విడిచిపోయిన సీమ ఒకటి నేటికిని జర్మనీలో ఆంగెల్న్ అను పేరుతో నున్నది. ఆ తెగ పేరే లాటినులో ఆంగ్లీ అయినది. బీడ్ అను మఠవాసి 731 ప్రాంతమున ముగించిన తన చరిత్ర గ్రంథములో ఈ పేరునుగూర్చి ఒక ముచ్చట చెప్పెను. రోమునగరపు అంగడిలో అమ్మకమునకు నిలిపిన తెల్లని కుఱ్ఱవాండ్రను చూచి, తరువాత పోపు అయిన గ్రెగొరీ, వీరే జాతివారని అడిగెనట. ఆంగ్లులని చెప్పిరి. అట్లైన వీరు దేవదూతలతో సాటివారే యని ఆయన శ్లేషించెనట. లాటినులో ఆంగ్లులకును దేవదూతలకును ఒక్క అక్షరమే భేదము. ఈ కథ జరిగినదో లేదో గాని, అందొక వింత యున్నది. ఆంగ్లులను చూచి ముచ్చటపడిన ఈ పరదేశి వారిని చూచినది సింహాసనము మీద కాదు, బానిసల సంతలో.

రెండవ ముక్క గ్రీకుది. ఫిలోస్ అనగా ప్రియుడు, మిత్రుడు. జ్ఞానమునందు ప్రీతి ఫిలాసఫీ. సోదరప్రేమను పేరుగా పెట్టుకొన్న పట్టణము ఫిలడెల్ఫియా. ఇట్లు లాటిను తలకు గ్రీకు తోక తగిలించి కట్టిన మాట యిది. మన వైయాకరణులు చూచినచో వైరిసమాసమని పంక్తిలోనుండి లేపివేయుదురు.

ఈ అతుకు వేసినవారు ఇంగ్లీషువారు కారు. తన్ను ప్రేమించువానికి పేరు పెట్టు పని తనకుండదు కదా! అది పొరుగువాని పని. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రాన్సుదేశములో ఇంగ్లీషు తోటలు, ఇంగ్లీషు గుఱ్ఱపు పందెములు, ఇంగ్లీషు దుస్తులు పెద్ద మోజులైనవి. ఆ మోజునకు అచటివారు పెట్టిన పేరు ఆంగ్లోమానీ, అనగా ఆంగ్లపు వెఱ్ఱి. 1757లో ఫుజెరే ద మోన్‌బ్రోన్ అను రచయిత ఆ వెఱ్ఱి సోకకుండ ముందుజాగ్రత్త మందు అను అర్థము వచ్చు పేరుతో ఒక పుస్తకమునే వెలువరించెను. వెఱ్ఱియను మాట ముందు పుట్టినది. ప్రీతియను మాట తరువాతి శతాబ్దమున వచ్చినది. ఇంగ్లీషులో ఆంగ్లోఫైల్ అను మాట కనబడు తొలితావులలో ఒకటి 1864 నాటి "ఆల్ ది ఇయర్ రౌండ్" అను పత్రిక. దానికి చార్లెస్ డికెన్సు సంపాదకుడు. అందును ఆ విశేషణము తగిలించినది ఒక ఫ్రెంచి పత్రికకే.

ఇచట వోల్టేరు కథ చెప్పక తీరదు. ఆ కథలో ఒక కారాగారమును ఒక కొబ్బరిచెట్టును ఉన్నవి; రెండును మన దీవులకు చుట్టములే. 1726లో వోల్టేరు ఒక ప్రభువంశీయునితో మాటామాటా పెంచుకొనెను. ఆ ప్రభువు తన సేవకులచేత అతనిని కొట్టించెను. న్యాయము కోరబోయిన వోల్టేరునే బాస్టీలు కోటలో బంధించిరి. దేశము విడిచి ఇంగ్లండు పోవుదునన్న మీదట వదలిపెట్టిరి. అచట రెండేండ్లకు పైగా నుండి, న్యూటనును ఎంత గౌరవముతో సమాధి చేసిరో చూచెను. ఒక్కొక్కరు తమకు నచ్చిన దేవాలయమునకు పోవుట చూచెను. వర్తకునికి కూడ మర్యాద కలదని చూచెను. తిరిగివచ్చి వ్రాసిన పుస్తకమును 1734లో పారిసు న్యాయస్థానము తగులబెట్టించెను. అతడు మెచ్చినది ఇంగ్లీషు టోపీని కాదు. సామాన్యుని కొట్టించిన ప్రభువును అడుగగల చట్టమును. తరువాతి కాలమున వ్రాసిన ఒక వ్యాసములో, ఆ చట్టములు తక్కిన దేశములలో ఏల నాటుకొనవను ప్రశ్నను తానే లేవనెత్తి, హిందూదేశమున కాయు కొబ్బరి రోములో కాయునా అను ఆక్షేపణతో పోల్చి, నాటి చూడకుండ కాయదనుట తగదను ధోరణిలో సమాధానము చెప్పెను.

మన దీవులలో కొబ్బరి సంగతి మీరెరుగుదురు. నికోబారులో తరతరాలుగా విరివిగా నున్నది, ఉత్తరమున కోకో దీవులలో నున్నది. నడుమనున్న ఈ అండమానులో మాత్రము 1858లో ఖైదీల స్థావరము ఏర్పడునాటికి దాదాపుగా లేదు. ఇచట నేడు మనము చూచు తోటలు తరువాత నాటిన వాని సంతతియే. గోతులు త్రవ్వినవి ఖైదీల చేతులు. త్రవ్వుమని ఆజ్ఞాపించినది దొరతనము. ఈ రెంటిలో దేనిని మరచినను కొబ్బరి కథ సగమే యగును.

దొరతనము అంటిని గనుక మన భాష సంగతికి వచ్చెదను. ఆంగ్లోఫైల్ అను మాట మనకు రాక పూర్వమే ఆ మనిషి మనకున్నాడు. పదునేడవ శతాబ్దమున కాంచీపుర ప్రాంతమువాడైన వేంకటాధ్వరి సంస్కృతమున "విశ్వగుణాదర్శ చంపువు" రచించెను. అందు కృశానువు, విశ్వావసువు అను ఇద్దరు గంధర్వులు విమానమెక్కి దేశమంతయు చూతురు. కృశానువునకు ఏది చూచినను తప్పే. విశ్వావసువునకు ఏది చూచినను ఒప్పే. చెన్నపట్టణము మీదుగా పోవుచు వారు హూణులను, అనగా సముద్రతీరమున కోట కట్టుకొని కూర్చున్న తెల్లవారిని చూతురు. వీరికి దయ లేదు, శౌచము లేదు, పెద్దలను గడ్డిపోచలుగా చూతురని కృశానువు. వీరు అన్యాయముగా పరుల సొమ్ము హరింపరు, అబద్ధమాడరు, వింతవస్తువులు చేయుదురు, తప్పు చేసినవానిని విధి ప్రకారమే దండింతురని విశ్వావసువు. నా యెరుకలో మనవైపు తొలి ఆంగ్లాభిమాని ఈ విశ్వావసువే. పరుల సొమ్ము హరింపరను మాట చదివినప్పుడు మనకు నవ్వు రాక మానదు. ఐనను గమనింపుడు: ఆ ఇద్దరును కూర్చున్నది ఒక్క విమానములోనే. దిగిపొమ్మని ఒకరినొకరు అనుకొనలేదు.

హూణులను పండితుల మాట పుస్తకములలో నిలిచినది. ఇంగ్లీషును హూణభాషయనుట పందొమ్మిదవ శతాబ్దమున మనవారికి పరిపాటి. ఫిరంగియను మాట మొదట ఐరోపావానికి చెల్లి, తరువాత వాడు తెచ్చిన తుపాకిగొట్టమునకు స్థిరపడినది. జనుల నోట నిలిచిన మాట మాత్రము దొర. అది అచ్చమైన మన మాట. ప్రభువని, నాయకుడని అర్థము. తెల్లవానికి దానిని మనమే అప్పగించితిమి. అతని భార్య దొరసాని, అతని ప్రభుత్వము దొరతనమువారు. గోదావరి జిల్లాలలో మగబిడ్డకు దొరబాబు అని పేరు పెట్టుకొని మురిసినవారు నేటికిని ఉన్నారు. నేను మొదటిసారి లాగు తొడుగుకొని నిలిచినప్పుడు మా అమ్మ మెటికలు విరిచి "దొరలా ఉన్నాడు నా తండ్రి" అన్నది. అందు ఇంగ్లండు ఊసే లేదు. అదే మాటను వెక్కిరింతగా అనవలెనన్న నల్లదొర అనిన చాలును.

నల్లదొర యనగానే అందరికిని గుర్తువచ్చునది మెకాలే. 1835 ఫిబ్రవరిలో అతడు వ్రాసిన నివేదికలో, రక్తమున, వర్ణమున హిందూదేశీయులై, రుచులయందు, అభిప్రాయములయందు ఇంగ్లీషువారైన ఒక తరగతిని తయారు చేయవలెనని కోరెను. అతడు కోరినట్టివాడే పుట్టెనా? తెలుగునాట పుట్టినవాడు గిరీశము! గురజాడ అప్పారావుగారి "కన్యాశుల్కము" 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. ఇప్పుడు మనము చదువు పాఠము 1909 నాటిది. గిరీశమునకు చుట్ట కలదు, ఇంగ్లీషు కవిత్వము కలదు, సంఘసంస్కారముపై ఉపన్యాసము కలదు. లేనిది ఒక్కటే, మాటకు తగిన నడవడి. అయితే ఈ గిరీశమును సృష్టించి నవ్వించిన గురజాడవారు ఆ నాటకమునకు పీఠిక వ్రాసినది ఏ భాషలో? ఇంగ్లీషులో! రెండు కూర్పులకును ఇంగ్లీషు పీఠికలే. ఇంగ్లీషును వారికన్న ప్రేమించి చదివినవారు ఆ విజయనగరములో ఎందరుండిరో చెప్పజాలను. ఆ ప్రేమతోనే వారు తెలుగు పలుకుబడిని పుస్తకమున కెక్కించిరి. ఉత్తరసర్కారులలో పాఠశాలల తనిఖీ అధికారియైన యేట్సు దొరయు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారును వాడుకభాష ఉద్యమమున వారికి తోడు నిలిచినవారే. ఆ మహనీయుల పేర్లను గ్రాంథికములో ఉచ్చరించుచున్నందుకు నన్ను మన్నింతురుగాక. నా గురువులు నేర్పిన యలవాటు ఇప్పుడు మారదు.

కందుకూరి వీరేశలింగము పంతులుగారి "రాజశేఖరచరిత్రము" సంగతియు అట్టిదే. గోల్డ్‌స్మిత్తు నవల చదివి, దాని వెలుగులో రాజమహేంద్రవరము పరిసరములను, మన జాతకముల వెఱ్ఱిని, మన బంధువుల కొలువును వ్రాసిరి. ఆ పుస్తకము 1887లో లండనులో ఇంగ్లీషులోనికి అనువదింపబడి వెలువడినది. తెచ్చుకొన్న విత్తనము చెట్టై కాచి, కాయ మరల వారి యింటికి పోయినదన్నమాట.

ఇంకొక్కరిని తలచుకొనక యుండలేను. కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలో చదివినవారు. ఇంగ్లీషులో వారు మాటాడుచుండిన దొరలే చెవియొగ్గి వినెడివారట. వారు నేర్చినదానితో 1914లో "కవిత్వతత్త్వవిచారము" వ్రాసి, పింగళి సూరన "కళాపూర్ణోదయము"ను కొత్త కన్నులతో మనచేత చదివించిరి. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు తొలి ఉపాధ్యక్షులైరి. 1930లో ప్రభుత్వపు దమననీతికి నిరసనగా ఆ పదవిని విడిచిరి. తరువాత మరల ఆ పదవికి వచ్చిరి. 1942లో సర్ బిరుదమును స్వీకరించిరి. ఇది సరళరేఖ కాదు. విడిచినదానిని మెచ్చుకొని, స్వీకరించినదానిని దాచిపెట్టుట నాకిష్టము లేదు. కృశానువు ఒకటి చెప్పును, విశ్వావసువు వేరొకటి చెప్పును, మనిషి ఒక్కడే.

ఈ పెద్దలనందరిని తలచుకొన్న తరువాత నేను తిరిగి ఆ అమ్మాయి వ్రాసికొనని మాట యొద్దకు వచ్చితిని. అభిమానము. సంస్కృతమున దీనికి గర్వమను అర్థము ముఖ్యము. తెలుగున నది రెండుగా చీలినది. ఒకటి పరులయందు ప్రీతి: "వారికి నాపై అభిమానము." రెండవది తనయందు తనకుగల గౌరవము: సుయోధనుని అభిమానధనుడందుము. చేయి చాపకూడని చోట చేయి చాపినవానిని "అభిమానము చంపుకొని అడిగినాడు" అందుము. చూచితిరా! ఒకే మాటను పరులకు చూపుదుము, తనలో చంపుకొందుము. గ్రీకువారి ఫిలోస్‌లో ఈ రెండవ అర్థము లేదు. అందుచేత ఆంగ్లోఫైల్ అను మాటకు తాను ఏమి కోల్పోయినాడో చూచుకొను కన్ను లేదు. ఆంగ్లాభిమాని యనినప్పుడు ఆ కన్ను మాటలోనే యున్నది. ఒక అభిమానము చూపుటకు వేరొక అభిమానము చంపుకొన్నవానికి ఆ మాట చెల్లదు. వానికి వేఱు మాట వెదకుకొనవలెను. నేను తడుముకొనక చెప్పిన మాట తప్పు కాదని ఇన్నాళ్ళకు నాకు ధైర్యము కలిగినది.

ఐనను "జైలు కట్టినవాళ్ళ మీదనా" అను ప్రశ్న మిగిలియే యున్నది. దానికి నిఘంటువు చాలదు. ఈ ఊరు చూడవలెను.

మనమిచట అబర్డీను బజారులో కరివేపాకు కొందుము, హ్యాడోలో ఓడ దిగుదుము. అబర్డీను స్కాట్లండు పట్టణము. దాని పేరు చెప్పి ఆంగ్లాభిమానియన్నచో ఆ ఊరివారు కోపింతురు. మనకు మాత్రము వారందరును దొరలే! పేర్లు కొన్ని మారినవి. 2018లో రాస్ దీవి నేతాజీ సుభాస్ చంద్రబోస్ ద్వీపమైనది, హావ్‌లాక్ స్వరాజ్ ద్వీపమైనది. 2024లో పోర్టు బ్లెయిరు శ్రీ విజయపురమైనది. మన ఫీనిక్స్ బే జెట్టీలో టిక్కెట్టు కొనువారు మాత్రము నేటికిని హావ్‌లాక్ అనియే అడుగుదురు. రాస్ దీవిలో దొరల నాట్యశాలయు, చర్చియు నుండెను. ఇప్పుడు ఆ గోడలను మఱ్ఱిజాతి వేళ్ళు కౌగిలించుకొనియున్నవి. ఇవతలి గట్టున 1906 నాటికి కట్టి ముగించిన సెల్యులార్ జైలు. అవతల పియానో, ఇవతల గానుగ.

ఆ గానుగ వైపు మనవాడొకడు వచ్చెను. 1922 మొదలు 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడిపిన రంప పితూరీలో ఆయనకు కుడిఎడమ భుజములుగా నిలిచిన అన్నదమ్ములు గాము గంటందొర, గాము మల్లుదొర. గంటందొర పోరులో నేలకొరిగెను. మల్లుదొరకు ఉరిశిక్ష పడి, అది యావజ్జీవ శిక్షగా మారి, ఈ దీవికి పంపబడెను. ఆయన బ్రతికి తిరిగిపోయి, 1952లో విశాఖపట్టణమునుండి తొలి లోకసభకు సభ్యుడయ్యెను.

మల్లుదొర! ఆ పేరులోని తుదిమాటను వినుడు. అడవిసీమలో తన ముఠాకు, తన జనమునకు పెద్దయైనవానికి మన భాష ఇచ్చిన మాట అది. ఓడలలో వచ్చినవారికి మనము ఆ మాట అప్పుగా నిచ్చితిమి. అసలు హక్కుదారుడు ఈ జైలు గదిలో నుండగా, అప్పు తీసికొన్నవారు ఆ దీవిలో నాట్యమాడుచుండిరి. నేను పలుమారులు ఆ జైలు నడవలో నడచితిని. ఈ సంగతి తెలిసికొన్న తరువాత మొదటిసారి నడచినప్పుడు, చిన్ననాట మా అమ్మ నన్ను దొరయన్నది ఏ దొరతో పోల్చియో యని తోచెను. ఆమె చదువుకొన్నది కాదు. అడుగుటకు ఇప్పుడు లేదు.

ఇంక నా సంగతియే చెప్పుకొందును. ఇతరులను తీర్పు తీర్చినవాడు తాను బోనులో నిలువవలెను కదా. ఇంగ్లీషు అపరాధపరిశోధన నవలలు లేనిదే నాకు నిద్ర పట్టదు. క్యూలో ముందుకు దూరువానిని చూచిన నాకు ఒళ్ళు మండును. చక్కగా వ్రాసిన ఒక ఇంగ్లీషు నోటు చూచిన మంచి పద్యము విన్నంత సంతోషము. ఈ రుచి నాకు అంటించినవారు నా తొలి పై అధికారి. ఆయన తెలుగువారే గాని కార్యాలయములో ఒక్క తెలుగు ముక్క పలుకలేదు. నా చిత్తులను ఎఱ్ఱసిరాతో దిద్ది దిద్ది నాకు వాక్యము వ్రాయుట నేర్పిరి. మేము కుఱ్ఱవాండ్రము ఆయన వెనుక నల్లదొర అని నవ్వుకొనెడివారము. ఆ మాట పుట్టించినది నేనే. ఈ వేదికపై ఒప్పుకొనుచున్నాను.

పదవీవిరమణ చేసిన చాలా ఏండ్లకు ఆయన నాకొక ఉత్తరము వ్రాసిరి. తెలుగులో. వణకుచున్న అక్షరములు, ఒత్తులు చెదరియున్నవి. ఆయన కొడుకు ఉత్తరదేశమున స్థిరపడెనట. మనుమనికి తెలుగు రాదట. "పెద్దబాలశిక్ష ఒకటి సంపాదించి పంపగలవా, ఇక్కడ దొరకుటలేదు" అని అడిగిరి. చివర "తప్పులుండిన దిద్దుకొని చదువుము" అని వ్రాసిరి. నా తప్పులను పదేండ్లు దిద్దిన మనిషి!

ఈ దీవిలో నాకును వెంటనే దొరకలేదు. ఊరినుండి తెప్పించితిని, వచ్చిన తరువాత కట్టకట్టి బల్లమీద పెట్టితిని. ఈ ఓడకు కాదు, వచ్చు ఓడకు అనుకొనుచు మూడు నెలలు గడిపితిని. నేను పంపకముందే ఆయన పోయినారని కబురు వచ్చెను. ఆ పుస్తకము ఇంకను నాయొద్దనే యున్నది. ఆయన ఆంగ్లాభిమానియా, నల్లదొరయా యని నన్నెవరైన అడిగినచో ఆ ఉత్తరము తీసి చూపుదును.

క్రిందటి ఆదివారము ఆ అమ్మాయి మా యింటికి వచ్చినప్పుడు ఈ ప్రసంగము చిత్తుప్రతి చదివి వినిపించితిని. అంతయు విని, "అయితే వ్రాసుకోనా తాతగారూ?" అని తన నోటుపుస్తకములో ఆంగ్లాభిమాని అని వ్రాసెను. "భ"కు క్రింద ఒత్తు విడిచిపెట్టెను. దిద్దితిని, ఎఱ్ఱసిరా లేదు గనుక నీలిసిరాతోనే. పిమ్మట బల్లమీదనున్న పెద్దబాలశిక్ష కట్ట విప్పి ఆమెకిచ్చి పంపితిని. నెలరోజులలో తిరిగి ఇయ్యవలెనను షరతు పెట్టితిని గాని, ఆమె తమ్ముడు అప్పుడే అట్టమీద తన పేరు వ్రాసికొనెనట.

కొబ్బరిబోండములు కొట్టి సిద్ధముగా నుంచితిమని కార్యదర్శిగారు తలుపు దగ్గరనుండి సైగ చేయుచున్నారు.